మరకల డాక్టరూ, అత్తగారి పిల్లీ

మరకల డాక్టరు మంచం దిగి, మేజోళ్లు తొడుక్కుని, వంటగది వైపు నాలుగడుగులు వేశాడో లేదో ఎడమకాలి మేజోడు వెచ్చగా తడిసింది. ఆయన అక్కడికక్కడే ఆగిపోయాడు. కిందికి చూడలేదు. చూస్తే అది నీళ్లు కాదని తేలిపోతుంది. నీళ్లయితే చల్లగా ఉండేవి. ఇది వెచ్చగా ఉంది, కాస్త జిగటగానూ ఉంది. అంటే సరుకు తాజాదన్నమాట. రెండు క్షణాల తర్వాత వాసన పాదం దగ్గర బయల్దేరింది. మోకాలు, బొడ్డు, ఛాతీ మీదుగా నింపాదిగా ఎక్కి వచ్చి ముక్కులో తిష్ఠ వేసింది. కుళ్లిన ఉల్లిపాయలూ, పాత బ్యాటరీ నీళ్లూ, మూత పెట్టి మూడు రోజులు మరిచిపోయిన చేపల గిన్నే కలిపి కాచినట్టుంది. నోరు తెరిచి గాలి పీలుద్దామనుకున్నాడు, అదీ పొరపాటే అయింది. వాసన కాస్తా నాలుక మీదికి దిగి రుచిగా మారింది.

"మళ్లీనా?" వంటగదిలోంచి భార్య కేకేసింది.

"మళ్లీ."

"ఎక్కడండీ?"

"వెతకక్కర్లేదు. నా కాలికి అంటుకునే ఉంది."

పిల్లి ఫ్రిజ్ మీద కూర్చుని ఉంది. బూడిద రంగు ఒళ్లు, బండ మొహం, కొసన చిరిగిన చెవి. ఈ మనిషికి పనీపాటా లేదా అన్నట్టు ఆయన వైపు ఒకసారి చూసి, వెనక పంజా పైకెత్తి నాక్కోవడం మొదలుపెట్టింది. ఆ పంజా ఇందాక ఏ మడుగులో ఉందో తెలిసిన మనిషి కాబట్టి ఆయన ఆ రోజు కాఫీ తాగలేదు.

ఆయన్ని మరకల డాక్టరని మొదట పిలిచింది ఆయనే. నాలుగేళ్లపాటు అందరికీ అలాగే చెప్పుకున్నాక, వాదించే ఓపిక లేక వీధి కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది. కింద అద్దాల తలుపున్న లాండ్రీ, పైన మూడు గదుల ఇల్లు, రెంటికీ మధ్య ఇనప మెట్లు. లాండ్రీలో రెండు ఉతికే మిషన్లు, గుడ్డల్లోంచి నీళ్లు పిండే మిషను ఒకటి, ఆవిరి ఇస్త్రీ బల్ల. మూలన రేకు కప్పిన ఇంకో బల్ల. అది మరకల బల్ల. దాని మీద పదకొండు సీసాలు వరసగా నిలబడి ఉండేవి. కౌంటరు చూసుకునే భార్య కూడా ఆ బల్ల ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చెయ్యి ఊడి వస్తుందని చెప్పాడు. పెళ్లయి పాతికేళ్లయినా ఆవిడ ముట్టుకోలేదు. చెయ్యి పోతుందని కాదు, ఆ బల్ల తుడిచే పని తన నెత్తిన పడుతుందని.

చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది. ఎందుకాగిందని ఎవరైనా అడగడమే తరువాయి, సమాధానం సిద్ధం. "నా ప్రశ్నలకి జవాబు చెప్పలేక సైన్సు మాస్టారు సెలవు పెట్టేవాడండీ. పాపం, పిల్లలు గలవాడు, ఉద్యోగం ఊడుతుందేమోనని నేనే మానేశాను." పెళ్లికొడుకు తెల్ల కోటు కథ ఇంకా పెద్దది. ఆ కోటు మీద సిరా బుడ్డి బోర్లా పడితే పావుగంటలో తీసి ఇచ్చాడట. ఎంత శుభ్రంగా తీశాడంటే, అదే సిరాతో రాసిన ఉత్తరాలు వాళ్లింట్లో పెట్టెలో ఉన్నవి కూడా తెల్లబడిపోయాయట. ఏ చొక్కాకైనా చంక దగ్గర ముక్కు పెట్టి, దాన్ని వేసుకున్న మనిషి నిన్న ఎవరితో పోట్లాడాడో, గెలిచాడో ఓడాడో కూడా చెప్పేవాడట.

కోతలు తీసేస్తే మిగిలేది ఏమిటంటే, మనిషికి పని నిజంగానే వచ్చు. ఆ పనిలో సగం ఒక్క సీసాది. అమోనియా. చెమట మరకైనా, నెత్తురు మరకైనా, గుడ్డుసొన ఒలికినా ముందు దాన్నే తీసేవాడు. ఆ సీసాకి 'పెద్దాయన' అని పేరు పెట్టాడు. "పెద్దాయన ముందు మరక నోరెత్తదు," అనేవాడు. మూత తీస్తే కళ్లలోంచి నీళ్లు కారేవి. ఆ నీళ్లని కూడా గౌరవం కింద జమకట్టుకునేవాడు.

ఈ కోతలన్నీ వినేవాళ్లు ఎవరు? భార్య ఇరవై ఏళ్ల క్రితమే చెవులు మూసుకుంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు రశీదు చేతిలో పడగానే తలుపు వైపు నడిచేవాళ్లు. అలాంటి సమయంలో అత్తగారు వచ్చింది. ఆవిడ అద్దెకున్న పాత భవనాన్ని పడగొడుతున్నారు. అందుకని మూడు నెలల క్రితం రెండు పెట్టెలూ, ఒక బుట్టా పట్టుకుని కూతురింటికి చేరింది. బుట్టలో పిల్లి. దాని పేరు దొరగారు. డెబ్బై నాలుగేళ్ల ఆ మనిషి మధ్యాహ్నం పూట మెల్లగా మెట్లు దిగి వచ్చి, మరకల బల్ల పక్కన ఎత్తు పీట మీద కూర్చునేది. అల్లుడు ఏం చెప్పినా కళ్లు పెద్దవి చేసుకుని, "ఆఁ! ఆ తర్వాత?" అనేది. సిరా ఉత్తరాల కథ ఆరుసార్లు చెప్పించుకుంది. ఆరోసారికి ఉత్తరాలతోపాటు పోస్టుమాన్ చొక్కా కూడా తెల్లబడింది. అల్లుడి జీవితంలో ఇంతకంటే మంచి రోజులు లేవు.

పిల్లి కూడా మొదటి రెండు వారాలు బుద్ధిగానే ఉంది. ఇసుక ట్రే ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది మరకల డాక్టరే. పైన పెడితే వాసనని, కింద లాండ్రీ వెనక గదిలో, నీళ్లు పిండే మిషను పక్కన, కాలవ రంధ్రం దగ్గర పెట్టించాడు. పిల్లి మెట్లు దిగి వెళ్లి, పని చూసుకుని, ఇసుక కప్పి, మళ్లీ మెట్లెక్కి వచ్చేది. ఓ శుక్రవారం మాత్రం తోక కుంచెలా ఉబ్బించుకుని, మూడేసి మెట్లు ఒక్క దూకులో ఎక్కి వచ్చి సోఫా కింద దూరింది. మర్నాడు స్నానాలగది ముందున్న, కాళ్లు తుడుచుకునే పట్టా తడిసి ఉంది.

"ఇదో మరకా?" అని డాక్టరు చొక్కా చేతులు మడిచాడు. పెద్దాయన్ని తెచ్చి ధారాళంగా పోసి రుద్దాడు. వాసనకి ఇంట్లో అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. "చూశారా అత్తయ్యా, ఇక ఇక్కడ పిల్లి జాతే అడుగు పెట్టదు," అన్నాడు. పిల్లి ఆ సాయంత్రమే అడుగు పెట్టింది. రుద్దిన చోటనే, కొలిచి గీత గీసినట్టు పోసింది.

ఆయన ఇంకొంచెం ఎక్కువ అమోనియాతో కడిగాడు. అది ఇంకొంచెం ఎక్కువ పోసింది. పట్టా నుంచి సోఫా కాలికి, సోఫా కాలి నుంచి మెత్తకి, మెత్త నుంచి కర్టెన్ అంచుకి, అక్కణ్నుంచి బూట్లలోకి వ్యవహారం పాకింది. సోఫా మెత్తని బొటనవేలితో నొక్కితే, పాత స్పాంజిలోంచి పసుపు బుడగలు తేలి టప్పున పగిలేవి. బూటు లోపలి అట్ట ఉబ్బి, అంచులు పైకి లేచి, నాలుక చాచిన కుక్కలా కనిపించేది. భార్య హ్యాండ్‌బ్యాగు తెరిస్తే అద్దం, దువ్వెన, తాళాల గుత్తి చిన్న చెరువులో తేలుతున్నాయి. ఆవిడ ఆ దువ్వెన రెండుసార్లు కడిగి వాడుకుందామనుకుంది. తల దువ్వుకోబోయి, తడి జుట్టు తగిలి వాసన మళ్లీ లేచేసరికి కిటికీలోంచి విసిరేసింది. రోజులు గడిచేకొద్దీ ఇంటికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే మాట్లాడి వెళ్లిపోవడం నేర్చుకున్నారు. మీటరు చూడ్డానికి వచ్చినవాడైతే వీధిలోంచే అంకె అడిగి రాసుకున్నాడు.

మేజోడు తడిసిన ఆ మంగళవారం పది గంటలకి వకీలు వచ్చాడు. చేతిలో నల్ల కోటు, దూరంగా, చాచిన చేతికి వేలాడుతూ.

"డాక్టరుగారూ, ఈ కోటు మీరే కదా ఉతికింది?"

"నేనే. మెరుస్తోంది చూడండి, అద్దం అక్కర్లేదు!"

"మెరుపు సంగతి తర్వాత. నిన్న వానలో కాస్త తడిసింది. కోర్టులో నేను లేచి వాదన మొదలుపెట్టగానే అవతలి వకీలు ముక్కు మూసుకుని 'అభ్యంతరం' అన్నాడు. దేనికి అభ్యంతరమని జడ్జిగారు అడిగారు. నా పక్క గాలి ఆయన దాకా వెళ్లాక మళ్లీ అడగలేదు. కిటికీలు తెరిపించారు."

ఆ కోటు ఇస్త్రీకి ముందు పైన వరండాలో కుప్పలో ఉండగా పిల్లి దాని మీద కూర్చుని లేచిన సంగతి డాక్టరుకి తెలుసు. పెద్దాయనతో తుడిచి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేశాడు. ఆరితే పోయిందనుకున్న వాసన తడి తగలగానే కోర్టు మధ్యలో లేచి నిలబడింది. వకీలు కోటు కౌంటరు మీద పడేసి, చేతులు జేబురుమాలుకి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఇంక రాడని ఆ తుడుచుకోవడంలోనే తెలిసింది.

భార్య కౌంటరు వెనక నుంచి లేచింది. గొంతు పెంచలేదు. "ఆదివారం తమ్ముణ్ని రమ్మంటాను. వాడి టైర్ల గోదాములో ఎలుకలున్నాయట. దొరగారు అక్కడుంటారు."

ఎత్తు పీట మీద అత్తగారు చీర కొంగు వేళ్లకి చుట్టుకుంటూ కూర్చుంది. "సరేనమ్మా," అంది. "నా పెట్టెలు కూడా సర్దుకుంటాలే. గోదాములో ఓ మంచం పట్టదూ?"

"అమ్మా! నువ్వెందుకు వెళ్లడం?"

"వాడికి కొత్త చోటు. తొమ్మిదేళ్లలో వాడు ఒక్కడూ ఎక్కడా పడుకోలేదు తల్లీ. నా ఇంట్లో ఒక్క చుక్క బయట పడలేదు. ఇక్కడికొచ్చాక ఏం పుట్టిందో వాడికి."

"టైర్ల మధ్య ఉంటావా?"

"ఉంటాను. టైర్లు నన్నేం అంటాయి?"

భార్య మొహం తిప్పుకుని లోపలికి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడైంది, కానీ బట్టలు జాడించిన చప్పుడు కాలేదు. మరకల డాక్టరు ఖాళీ కాబోతున్న ఎత్తు పీట వైపు చూశాడు. ఆవిడ వెళ్లిపోతే ఈ బల్ల దగ్గర ఆయన కథ వినేవి పదకొండు సీసాలే.

"ఆదివారం దాకా నాకు వదిలెయ్యండి," అన్నాడు. "ఏనుగు ఉచ్చ మరక తీసినవాణ్ని, పిల్లి ఒక లెక్కా?"

"ఏనుగుది ఎప్పుడు తీశారు?" అంది లోపలి నుంచి భార్య.

ఆయన సీసాల మూతలు బిగించడం మొదలుపెట్టాడు.

బుధవారం పొద్దున అత్తా అల్లుడూ పిల్లిని బుట్టలో పెట్టుకుని బస్సెక్కి పశువుల ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మకి ముప్పై ఏళ్లు దాటి ఉండవు. చేతులకి పలచటి రబ్బరు తొడుగులు, మాటలో తొందర. పిల్లి కడుపు రెండు వేళ్లతో వత్తి చూసి, "మూత్రం పరీక్షకి కావాలి, ఈ గిన్నె పట్టుకోండి," అంది. అల్లుడు గిన్నె పట్టుకున్నాడు. డాక్టరమ్మ వత్తింది. సగం గిన్నెలో పడింది. మిగతా సగం ఆయన మణికట్టు మీద పడి, చొక్కా చేతిలోంచి మోచేతి దాకా వెచ్చగా పాకింది. ఆయన కదల్లేదు. కదిలితే మిగతాది ఎటు పోతుందో తెలియదు. పళ్లు బిగబట్టి, గోడ మీద ఆవు బొమ్మ చూస్తూ నిలబడ్డాడు. ఆవు కూడా జాలిగా చూసినట్టే అనిపించింది.

పావుగంటకి డాక్టరమ్మ తిరిగొచ్చింది. "రోగమేం లేదు, శుభ్రంగా ఉంది. ట్రే ఎక్కడ పెట్టారు?"

"లాండ్రీలో వెనక గదిలోనండీ, నీళ్లు పిండే మిషను పక్కన."

"ఆ మిషను చప్పుడు చేస్తుందా?"

"చప్పుడా! అది తిరిగితే నేల అదురుతుంది. ఒకసారి అది తిరుగుతుంటే వీధి చివర గడియారం పావుగంట ముందుకి వెళ్లింది."

"మీరు దొడ్డికి కూర్చున్నప్పుడు పక్కనే రైలింజను కూత వేస్తే, మళ్లీ జన్మలో ఆ గదిలోకి వెళ్తారా?"

ఆయనకి సోఫా కింద దూరిన శుక్రవారం, ఉబ్బిన తోక కళ్లముందు మెదిలాయి.

"సరే, దేంతో తుడుస్తున్నారు?"

ఈ ప్రశ్న కోసమే ఆయన పుట్టాడు. మోచేయి తడి మరిచిపోయాడు. అమోనియా ఎన్ని పాళ్లు, నీళ్లు ఎన్ని పాళ్లు, చెమటకెంత, నెత్తురుకెంత, రుద్దేటప్పుడు బ్రష్షు ఎటు తిప్పాలి, పెద్దాయన ముందు ఎన్ని మరకలు ఎలా చేతులెత్తేశాయి... అన్నీ చెప్పాడు. వెనక నిలబడ్డ అత్తగారు మెచ్చుకోలుగా తల ఊపుతోంది. డాక్టరమ్మ అంతా విని, తొడుగులు తీసి చెత్తబుట్టలో పడేసింది.

"పిల్లి మూత్రం పాతబడితే ఏ వాసనేస్తుందో తెలుసా మీకు?"

"తెలియకేం. మంటెత్తే వాసన."

"అమోనియా వాసన. మీరు పోసే ప్రతి చోటా ఇంకో పిల్లి వచ్చి పోసిపోయిందని మీ పిల్లికి తెలుస్తోంది. అది ఊరుకుంటుందా? ఆ వాసన మీద తన వాసన పోస్తోంది. మీరు మళ్లీ రుద్దుతారు, అది మళ్లీ పోస్తుంది. పిల్లి ఒక వంతు పాడుచేస్తే, మీరు మూడొంతులు చేశారు."

నలభై ఏళ్లుగా మరకలకి వైద్యం చేసిన చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. అమోనియా వాసనకి కన్నీళ్లు కార్చుకుంటూ, 'చూశారా ఎంత బలమో' అని తను చూపించిన ప్రతి మూలా ఆయనకి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి అత్తగారి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

డాక్టరమ్మ ఒక సీసా ఇచ్చింది. ఈ మందు మూత్రాన్ని తినేసే రకం, చోట్లన్నీ వెతికి పోయాలి, కదపకుండా గంటలు గంటలు వదిలెయ్యాలి, రెండు ట్రేలు పెట్టాలి, చప్పుడు లేని మూల చూడాలి, సువాసనలు గట్రా కలపకూడదు. ఇంకో ముక్క కూడా చెప్పింది: మందు పోసిన మొదటి రోజు కంపు రెట్టింపవుతుంది, భయపడకూడదు.

తిరుగు బస్సులో బుట్ట ఒళ్లో పెట్టుకుని అత్తగారు కిటికీ పక్కన కూర్చుంది. నాలుగు స్టాపులు గడిచాక అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"చిన్న పిల్ల అత్తయ్యా. పుస్తకాల్లో చదివింది చెబుతుంది. అనుభవం ఎక్కడిది? ఒకసారి ఇలాగే ఓ పెద్ద పశువుల డాక్టరు నా దగ్గరికొచ్చి..."

"ఆఁ," అంది ఆవిడ, కిటికీలోంచి చూస్తూ.

అంతే. ఆ తర్వాత ఏమైందని అడగలేదు. ఆయన కథ అక్కడే ఆగిపోయింది. దాన్ని ఎటు తీసుకెళ్లాలో ఆయనకీ తోచలేదు.

ఇంటికొచ్చాక భార్య మెట్ల మీదే ఎదురుపడింది. "ఏమందండీ?"

అల్లుడు బూట్లు విప్పడంలో మునిగిపోయాడు. అత్తగారే చెప్పింది. "ట్రే చోటు మార్చమంది తల్లీ. తుడవడానికి మందిచ్చింది." ఇంకేం చెప్పలేదు. మెల్లగా తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆయనకి ఊపిరి ఆడింది. ఆ వెంటనే, ఆవిడ తనకోసం దాచిందన్న సంగతి మేకులా లోపల దిగింది.

గురువారం, శుక్రవారం లాండ్రీ తలుపుకి బోర్డు తగిలించి ఆయన ఇల్లంతా నాలుగు కాళ్ల మీద తిరిగాడు. ముక్కు నేలకి రెండంగుళాల ఎత్తులో. ఎక్కడ మంటెత్తితే అక్కడ సుద్దముక్కతో గీత. ఎక్కడ గీత ఉంటే అక్కడ తను రుద్దిన గుర్తు. సోఫా బోర్లా తిప్పితే అడుగు గుడ్డ గట్టిపడి పాపడంలా విరిగింది. అందులోంచి ఎండిన పసుపు పొడి ఆయన కనుబొమ్మల మీద రాలింది. పట్టా ఎత్తితే కింద చెక్క నల్లగా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది, వేలు తీస్తే గోరు కింద ఏదో మిగిలింది. గోరు కడిగాడు, మళ్లీ కడిగాడు. ఆ వేలు అన్నంలో పెట్టడానికి మనసొప్పక రెండు రోజులు ఎడమచేత్తో చెంచాతో తిన్నాడు. మందు పోశాక డాక్టరమ్మ చెప్పినట్టే కంపు రెట్టింపైంది. ఎంత రెట్టింపంటే, ఈగలు కూడా కిటికీ దాకా వచ్చి, లోపల పరిస్థితి చూసి, పక్కింటికి వెళ్లిపోయాయి. భార్య ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వంట చేసింది. వాళ్లు తిన్నది ఏమిటో వాళ్లకే తెలియలేదు.

ముప్పై నాలుగు గీతలు. ముప్పై నాలుగూ తన చేతివే.

కొత్త ట్రేలు ఒకటి అత్తగారి గదిలో, ఇంకోటి వరండా మూలన పెట్టారు. గురువారం సాయంత్రం పిల్లి ట్రేలోకి దిగింది. ఇసుక తవ్వింది, వంగింది. ముగ్గురూ గుమ్మంలో ఊపిరి బిగబట్టి చూశారు. పని అయ్యాక అది ఇసుక కప్పుకుని వెళ్లిపోయింది. శుక్రవారం కూడా అంతే. శనివారం రాగానే ఇంట్లో కూరగాయలు వేగే వాసన మళ్లీ తెలిసింది. భార్య కిటికీ దగ్గర నిలబడి నిండుగా గాలి పీల్చింది. తమ్ముడికి ఫోను చేసి రావద్దని చెప్పాలా అని కాసేపు ఫోను చేత్తో పట్టుకుంది కూడా. "రానివ్వు," అన్నాడు మరకల డాక్టరు, బింకంగా. "వచ్చి చూసి పోతాడు."

ఆదివారం పదకొండు గంటలకి బావమరిది వచ్చాడు. నల్లటి అరచేతులు, పెద్ద నవ్వు, చంకలో మూతున్న బుట్ట. గుమ్మంలో నిలబడి కుక్కలా గాలి పీల్చాడు.

"ఏమే అక్కా, కంపేదీ? నేను ముక్కులో దూది కూడా తెచ్చుకున్నాను."

"మీ బావగారు బాగు చేశారు," అంది ఆవిడ. మాటలో ఎన్నేళ్లుగానో లేని మెత్తదనం.

ఆ మాట మెట్ల కింద నుంచే ఆయన చెవిన పడింది. ఆగలేకపోయాడు. గోడకి మేకు మీదున్న పని కోటు తగిలించుకున్నాడు. మరకల బల్ల దగ్గర ఇరవై ఏళ్లుగా వేసుకునే కోటు అది, మోకాళ్ల దాకా ఉంటుంది, దాన్ని వేసుకుంటే తను నిజంగా డాక్టరులా ఉంటానని ఆయన నమ్మకం. దర్జాగా మెట్లెక్కి వచ్చి, కోటు విప్పి కుర్చీ వీపు మీద వేసి, దాని పక్కనే కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కోటు అంచు నేలకి ఆనింది.

"చెప్తా విను," అన్నాడు బావమరిదితో. "పిల్లిని వంచాలంటే మందులూ మాకులూ కాదోయ్, చూపు. నేనేం చేశాను? దాని ఎదురుగా కూర్చున్నాను. కళ్లలోకి చూశాను. రెండు గంటలు. రెప్ప వెయ్యలేదు. ఆఖరికి దానికే కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచి, మెల్లగా నడుచుకుంటూ వెళ్లి..."

పిల్లి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. కోటు అంచు దగ్గర ఆగింది. మూతి తెరిచి, పెదవి మడిచి, లోతుగా వాసన చూసింది. ముందు పంజాతో రెండుసార్లు గీరింది. వెనక్కి తిరిగి, తోక వణికించి, వంగింది.

చప్పుడు అందరికీ వినిపించింది. సన్నగా మొదలై, ధారగా సాగి, చాలాసేపటికి గానీ ఆగలేదు. కోటు గుడ్డ పీల్చుకోలేక వదిలేసింది. మడుగు నేల మీద పాకి కుర్చీ కాళ్ల చుట్టూ తిరిగింది. శనివారం వచ్చిన మంచి గాలి ఒక్క నిమిషంలో చచ్చిపోయింది.

భార్య మొహం మాడిపోయింది. "చాలు," అంది. "ఒరేయ్ తమ్ముడూ, బుట్ట తెరువు."

బావమరిది ఓ చేత్తో ముక్కు నొక్కుకుని, ఇంకో చేత్తో మూత ఎత్తాడు. అత్తగారు కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి, తన గది వైపు నడిచింది. మంచం కిందనుంచి పెట్టె లాగిన చప్పుడైంది. అల్లుడు కూర్చున్నచోట నుంచి ఆవిడ వంగిన వీపు కనిపిస్తోంది. ఇప్పుడైనా ఆవిడ బయటికొచ్చి అసలు సంగతి చెబితే అయిపోయేది. ఆవిడ చెప్పదని ఆయనకి తెలుసు. బుధవారం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పదు. టైర్ల మధ్యకి పోతుంది గానీ అల్లుడి మాట దించదు.

బావమరిది పిల్లి మెడ పట్టుకోబోయాడు.

"దాన్నొదులు," అన్నాడు మరకల డాక్టరు. గొంతు ఆయనదిలా లేదు. "తప్పు దానిది కాదు."

"మరెవరిదండీ?" అంది భార్య.

ఆయన నోట్లో ఆ ముక్క అటూ ఇటూ తిరిగింది. మోచేతి మీద పారిన దానికంటే అసహ్యంగా ఉంది దాని రుచి. "నాది," అన్నాడు.

"ఏమన్నారు?"

"నాదేనే. పిల్లి ఉచ్చ వాసనా, అమోనియా వాసనా ఒకటేనట. నేను కడిగిన చోటల్లా ఇంకో పిల్లి పోసిందనుకుని ఇది పోస్తోంది. ట్రే మిషను పక్కన పెట్టి దాన్ని బెదరగొట్టిందీ నేనే. ఆ కోటు నిండా ఇరవై ఏళ్ల అమోనియా. డాక్టరమ్మ బుధవారమే చెప్పింది. మీ అమ్మకీ తెలుసు. నా పరువు పోతుందని ఆవిడ దాచింది, ఆవిడ దాచింది కదా అని నేనూ ఊరుకున్నాను."

మొదట బావమరిది భుజాలు కదిలాయి. తర్వాత బుట్ట జారిపోయింది. తర్వాత మనిషే గోడకి ఆనుకుని కిందికి జారాడు, మడుగు తగలకుండా.

"అంటే బావగారూ... ఇన్నాళ్లుగా... ఈ ఇంట్లో పోస్తున్న రెండో పిల్లి మీరేనా?"

"నవ్వు, నవ్వు. ఇంకోసారి రమ్మనను కూడా, ఇప్పుడే నవ్వేసుకో."

"ఊరంతా చెప్తాను. ఒక్కొక్క టైరుకీ చెప్తాను."

భార్యకి నవ్వు రాలేదు. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. "నా హ్యాండ్‌బ్యాగు," అంది. "నా దువ్వెన. వకీలుగారి కోటు. సోఫా. పైగా రెండు గంటలు పిల్లి కళ్లలోకి చూశారా మీరు?" తర్వాత గొంతు మారింది. "అమ్మా, ఆ పెట్టె లోపల పెట్టు. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు నువ్వు."

గదిలోంచి పెట్టె మంచం కిందికి తోసిన చప్పుడు వచ్చింది.

"నిలబడి చూస్తారేం?" అంది భార్య. "ఆ కోటు ముందు బయటపడెయ్యండి. ఉతకడం గితకడం లేదు. పారెయ్యండి."

ఇరవై ఏళ్ల కోటు. ఆయన రెండు వేళ్లతో కాలరు పట్టుకుని ఎత్తాడు. అది రెట్టింపు బరువుంది. అంచునుంచి చుక్కలు పడుతున్నాయి. ఇనప మెట్ల మీద ఒక్కో మెట్టుకీ రెండేసి చుక్కలు చొప్పున కారుస్తూ ఆయన దిగితే, మందు సీసా, గుడ్డముక్క పట్టుకుని భార్య వెనకాలే తుడుచుకుంటూ దిగింది. మధ్యమెట్టు మీద కోటు చెయ్యి ఊగి ఆయన మెడకి చల్లగా తగిలింది. అప్పటికే చల్లారిందది. చల్లారాక ఇంకా దరిద్రంగా ఉంది.

వీధి చెత్తకుండీ ఎదురు బేకరీ ముందే ఉంటుంది. బేకరీ ఆయన గుమ్మంలో నిలబడి చేతుల పిండి దులుపుకుంటున్నాడు.

"ఏంటి డాక్టరుగారూ, కోటు పారేస్తున్నారు? ఏమైంది?"

మరకల డాక్టరు కుండీ మూత ఎత్తి ఆగాడు. పై కిటికీలో బావమరిది తల, దాని పక్కన అత్తగారి తల కనిపించాయి. పులి కథ ఒకటి, అగ్నిప్రమాదం కథ ఒకటి నాలుక చివర సిద్ధంగానే ఉన్నాయి.

"పిల్లి పోసింది," అన్నాడు.

"అయ్యో! ఎందుకు పోసింది?"

"నేనే పోయించాను."

బేకరీ ఆయన ఇంకేదో అడగబోయాడు గానీ, అంతలో గాలి అటు తిరిగింది. నోట్లోని ప్రశ్నని అక్కడే మింగేసి, రొట్టెలు పాడైపోతాయని గబగబా తలుపు వేసేసుకున్నాడు.